కోత పండుగకు ఇచ్చిన మెషీను

మా ఆయన ఇటు తిరగడం లేదు. గుడిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టినప్పటి నుంచి మా ఆయన మెడనే చూస్తున్నాను. నిన్న సాయంత్రం పటాన్‌చెరు దాకా పోయి నున్నగా గీయించుకుని వచ్చిన మెడ, గంజిపెట్టిన కాలరులో బిగుసుకుపోయిన మెడ. సంఘ పెద్ద కదా, కోత పండుగ పూట పదిమంది కళ్లూ తన మీదే ఉంటాయని తెలుసు. నా కళ్లు కూడా ఉన్నాయని తెలియదా, తెలుసు, అందుకే తిరగడం లేదు. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లం ఎడమవైపు, మధ్యలో దారి, దారి చివర బల్ల ముందు గుమ్మడికాయలు, జొన్న కంకులు, చెరుకు కట్టలు, సంగారెడ్డి జామకాయల బుట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఆ కోళ్ల పక్కన తెల్ల దుప్పటి కప్పుకుని మా బట్టలుతికే మెషీను. దుప్పటి కప్పింది నేనే. కళ్లు మూసుకోండి అన్నారు అయ్యగారు, అందరూ మూసుకున్నారు, నేను మూసుకోలేదు. ముందు పాండురంగం వచ్చాడో లేదో చూడాలి. వచ్చాడు. గుమ్మం దగ్గర, బయటివాళ్ల కోసం వేసిన బెంచీ మీద, కండువా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. హమ్మయ్య. సంగారెడ్డిలో పాత ఇనుము కొట్టు ఆయనది, ఏటా వచ్చి మా పండుగ ధాన్యం టోకున కొనుక్కుపోతాడు. ఈసారి వేలంలో ధాన్యంతో పాటు ఆ మెషీనునూ పాడుకుని ఎత్తుకుపోతే చాలు, ఈ గంట గడిస్తే చాలు.

ఆ మెషీను ఈ దేశానిది కాదు. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ కట్టేటప్పుడు యంత్రాలు బిగించడానికి వచ్చిన దొరల్లో ఒకాయన, పేరు పలకాలంటే నోరు తిరగదు, పని ముగిసి ఊరికి పోతూ పోతూ ఇంటి సామానంతా అమ్మేశాడు. కొందరు కుర్చీలు కొన్నారు, కొందరు పింగాణీ గిన్నెలు కొన్నారు, మా ఆయన దీన్ని ట్రాలీ మీద ఎక్కించుకుని తెచ్చాడు. మూత మీద ఉన్న రాత ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఎవరికీ చదవ రాలేదు. ఆడవాళ్లంతా పొయ్యి మీద కూరలు వదిలేసి వచ్చారు, లోపల బట్టలు వాటంతటవే తిరుగుతుంటే ముక్కున వేలేసుకుని చూశారు, మా ఆయన మాత్రం నా చేతులు చూశాడు. అది అబద్ధం కాదు, చూశాడు. మోటార్లకు తీగ చుట్టే షాపులో ఆయన పని, యూనిఫారం నిండా వార్నిషు, సోడా వేసి ఉడకబెట్టి బండ మీద రుద్దితే తప్ప పోదు, రుద్దీ రుద్దీ నా వేళ్ల సందులు పగిలిపోయి బళ్లో సుద్దముక్క పట్టుకుంటే భగ్గున మండేవి. "ఇగ నీ చేతులకు సెలవు" అన్నాడు ఆ రోజు. అంత మంచిమాట పెళ్లయ్యాక మళ్లీ అన్నాడా అంటే గుర్తు రావడం లేదు. ప్రార్థన ఇంకా అవలేదు. అయ్యగారు వానల గురించి, చెరువుల గురించి, అమీన్‌పూర్‌లో గొర్రెలకు వచ్చిన జబ్బు గురించి దేవుడికి చెబుతున్నారు. నేను మా ఆయన మెడకు చెబుతున్నాను, పాండురంగం వచ్చాడు, ఇక భయపడకు అని.

ఇదంతా నిరుడు ఇదే పండుగనాడు ఆయన నోరు చేసిన నిర్వాకం. దేవుడు తమకు చేసిన మేలు గురించి అందరూ తలా ఒక సాక్ష్యం చెబుతుంటే ఈయనకూ ఊపు వచ్చింది, లేచి నిలబడి, ఫోర్‌మన్ అయితే వచ్చే పండుగకు ఇంట్లో ఉన్నవాటిలో మేలైనది దేవుడికి ఇస్తానని మొక్కుకున్నాడు. మనసులో మొక్కుకుంటే నాకూ దేవుడికీ ఇబ్బంది లేకపోయేది. అందరూ ఆమెన్ అన్నారు, అని అందరూ ఒకేసారి నా వంక చూశారు, మా ఇంట్లో మేలైనది ఏదో ఊరికంతా తెలుసు. ఎండాకాలంలో ఫోర్‌మన్ అయ్యాడు. వానాకాలంలో మెషీను పొగ చిమ్మి ఆగిపోయింది. దేవుడికి ఇచ్చేది మచ్చలేనిదై ఉండాలని అయ్యగారు ఏటా ఈ పండుగకు ముందు ఆదివారం చెబుతారు, కుంటిదీ గుడ్డిదీ తెచ్చి బల్ల ముందు పెట్టకండి అని. మొన్న ఆదివారం కూడా చెప్పారు. ముందు వరసలో కూర్చుని తల ఊపింది ఎవరు, ఈయనే.

తీగ చుట్టే మనిషి ఇంట్లో మోటారు కాలిపోతే ఎంతసేపు, మూడు సాయంత్రాలు కూర్చుని కొత్త తీగ చుట్టాడు. తిరిగింది. ఈల వేసుకుంటూ భోంచేశాడు ఆ రోజు. మర్నాడు నేను మూత ఎత్తబోతే చెయ్యి భుజం దాకా జివ్వున లాగి గోడకు విసిరికొట్టింది. కాలికి రబ్బరు చెప్పులు ఉన్నాయి, ఒక చెప్పు జారి వేళ్లు తడి గచ్చుకు తగిలాయి, అంతే, ఆ మాత్రానికే. లేచాక గాజు పగిలి గుచ్చుకున్న చోట రక్తం చూశాను కానీ నొప్పి తెలియలేదు, నాలుక మీద ఇనుము రుచి ఒకటి రోజంతా ఉండిపోయింది. ఆయన టెస్టరు తెచ్చి ఆనించాడు, అందులో బల్బు ఎర్రగా వెలిగింది. లోపల వాషరు అరిగిపోయిందట, నీళ్లు మెల్లగా మోటారు మీదికి దిగి, కరెంటు రేకులోకి పాకుతోందట.

"గా వాషరు ఈడ దొర్కది" అన్నాడు.

"సిటీల ఎవరన్న లేత్ మిషిను మీద చేస్తరేమో. బాగు చేపిద్దాం" అన్నాను.

"చేపిస్తె ఎన్ని దినాలుంటదో ఏం తెలుసు. చెప్పులేసుకొని ఉతుకు. ఏం గాదు."

"ఒకనాడు మర్సిపోతె?"

"మర్సిపోకు."

చూశారా, ఎంత సుళువుగా అనేశాడో. వారం రోజులు ఆ మాట నా చెవిలోనే ఉంది. వారం రోజులూ నేను చేత్తోనే ఉతికాను, కావాలని, ఆయన అన్నం తినే వేళకు పగిలిన వేళ్లు కనబడేలా వడ్డించాను. ఆ తర్వాత ఇంకో దొర ఊరికి పోతున్నాడని వార్త వచ్చింది. వాళ్లింట్లో ఇంకా మంచిది ఉంది, ఇది గుండ్రటి పీపా అయితే అది నలుచదరపు పెట్టె, బట్టలు పిండి కూడా ఇస్తుందట. మా ఆయన పోయి చూసొచ్చాడు, నన్నూ తీసుకుపోయి చూపించాడు. దాని మూత చల్లగా, నున్నగా ఉంది, నేను దాని మీద అరచెయ్యి పెట్టి తీయలేదు చాలాసేపు. బాగుచేయడమా, కొత్తది తెచ్చుకోవడమా అని అప్పటిదాకా ఇంట్లో రోజూ గొడవే, ఆ చెయ్యి పెట్టాక నేనే మాట్లాడడం మానేశాను. మరి మొక్కు సంగతేమిటి అని అడిగింది నేను. ఉపాయం చెప్పింది ఆయన. పాతదాన్ని తళతళా తుడిచి పండుగకు ఇద్దాం, వేలంలో పాండురంగం పాడుకుంటాడు, నేను మాట్లాడిపెట్టిన, ఆయనకు ఇనుము కావాలె, విప్పేసి తూకానికి అమ్ముకుంటడు, ఎవరికీ నష్టం లేదు. ఖరాబైందని ఆయనకు చెప్పిన్రా అంటే, పాతదని చెప్పిన, గంతే అన్నాడు. "అందరి ముంగట లేసి మొక్కిన. ఇప్పుడు కోడిని పట్టుకపొమ్మంటవా?" అన్నాడు. నేను సరే అన్నాను. ఆ సరే అనడంలో ఆ నున్నటి మూత కూడా ఉంది.

ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, ఏ మాటకు అన్నానో తెలియదు. అహరోను కండువా నడుముకు బిగించి బల్ల ముందుకు వచ్చాడు. సంఘం కోశాధికారి, ఆదివారాలు నోట్లో నాలుక లేనట్టే ఉంటాడు, వేలంపాట రోజు మాత్రం మనిషి మారిపోతాడు. కిరాయికి తెచ్చిన మైకులో ఊది, ముందు ఒక కోడిగుడ్డు ఎత్తిపట్టాడు. పాడుకున్నవాళ్లు మళ్లీ దేవుడికే ఇచ్చేశారు, మళ్లీ పాట, మళ్లీ ఇచ్చేశారు, అందరూ నవ్వుతున్నారు. గుమ్మడికాయలు పోయాయి, చెరుకు పోయింది, ఒక కోడి కట్లు తెంపుకుని ఆడవాళ్ల మధ్యకు ఉరికింది, ఆ గోలలో ఎవరో చెంబు తన్నేశారు, ఆకుకూరల మీద చల్లడానికి పెట్టిన నీళ్లు బల్ల ముందంతా పారాయి. పాండురంగం ధాన్యం మొత్తం పాడుకున్నాడు. ఇక మాదే. అహరోను దుప్పటి లాగేశాడు. ఎంత తుడిచామో, కిటికీలోంచి వచ్చిన ఎండ దాని మీద పడి మెరిసింది. దొంగ ముఖం అనిపించింది నాకు, దానిదో మాదో.

"సూడుండ్రి. సత్యరాజన్న మొక్కుబడి. దొరసాని బట్టలుతికిన మిషిను, మన టీచరమ్మ పానంలెక్క సూసుకున్న మిషిను. ఎవరు పాడుతరు?"

పాండురంగం చెయ్యెత్తి ఒక ధర అన్నాడు, అనుకున్న ధరే. అహరోను ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. అప్పుడు నా వెనక నుంచి, సరిగ్గా నా వీపు వెనక నుంచి, "ఇంకో పది" అని వినబడింది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది. సౌభాగ్యమ్మ. హాస్టలు పిల్లల పక్క దుప్పట్లు ఉతికే సౌభాగ్యమ్మ, పెనిమిటి పోయాక ఆ దుప్పట్ల మీదే ఇద్దరు ఆడపిల్లలను సాకుతున్న మనిషి. తిరిగి చూశాను. కొంగు ముడి చేత్తో పట్టుకుని లేచి నిలబడింది, ఆమె చుట్టూ ఉతికే ఆడవాళ్లంతా ఆమె వంక నవ్వుతూ చూస్తున్నారు, అందరూ కలిసి పోగేసుకున్నారన్నమాట. ఏం ఫరవాలేదు, పాండురంగం పెంచుతాడు, పెంచు పాండురంగం, నీకు పుణ్యం ఉంటుంది. ఆయన కండువా భుజం మీద వేసుకుంటూ నవ్వాడు. "బీద మనిషి, కష్టం జేసుకొని బతికేటామె పాడుతుంటె నేను పాడితె మంచిగుండదు. కానియ్యి తల్లీ" అన్నాడు. అందరూ ఆయన్ను మెచ్చుకుంటూ గుసగుసలాడారు. అయ్యగారు కూడా తల ఊపారు.

ఇప్పుడు లే. లేచి చెప్పు. మా ఆయన మెడకే చెబుతున్నాను, లే, ఆమె ఉతికే చోట గచ్చు ఏ వేళా ఆరదు, నాకు తెలుసు, హాస్టలు వెనక ఆ తొట్ల దగ్గర పాదాలు మునిగే నీళ్లు, ఆమెకు ఈ జన్మలో చెప్పులు లేవు, చెప్పులేసుకుని ఉతుకు అని ఆమెకు ఎవరు చెబుతారు, ఆమె చేసే మొదటి పని మూత ఎత్తడమే. ఇద్దరు పిల్లలు. చిన్నది నా తరగతిలోనే, మొదటి బెంచీలో, ఇంకా అంకెలు తలకిందులుగా రాస్తుంది. మా ఆయన మెడ మీద ఒక చెమట చుక్క కాలరులోకి దిగింది. కదల్లేదు. ఇంత పిరికి మనిషితోనా నేను ఇన్నేళ్లు కాపురం చేసింది, ఫోర్‌మన్ అట, పెద్ద అట. ఒకటోసారి, అన్నాడు అహరోను. రెండోసారి.

"ఇంకో పది" అన్నాను నేను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అప్పుడు తిరిగాడు మా ఆయన. ముఖం పాలిపోయి ఉంది. నేను ఏం చేస్తున్నానో అర్థమైంది ఆయనకి, ఒక్క క్షణం బతికిపోయినట్టు చూశాడు, అది నాకు ఇంకా మంటెత్తించింది. అవును, కొనేస్తాను, ఆ నలుచదరపు పెట్టెకు దాచిన డబ్బుతోనే మా చచ్చిన మెషీనును నేనే కొనుక్కుంటాను, ఆమె బతుకుతుంది, నీ పరువూ బతుకుతుంది, ఇంటికి పోయాక నీ సంగతి చెబుతాను. సౌభాగ్యమ్మ ఇంకో పది అంది. నేను ఇంకో పది అన్నాను. ఆడవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. ఇచ్చినోళ్లే మళ్ల గుంజుకుంటరా అని ఎవరో అన్నారు, నాకు వినబడేలాగే. చెవులు వేడెక్కాయి. అననీ. సౌభాగ్యమ్మ పక్కనున్నవాళ్లతో గుసగుసలాడి ఇంకో ముడి విప్పించి, మళ్లీ పెంచింది, పెంచి నావంక చూసి మెల్లగా అంది.

"ఇచ్చుడు మనసుల లేకుంటె ఇయ్యకపోదురు టీచరమ్మా. మా చేతులు కూడ చేతులే."

అహరోను మైకులో నవ్వుతున్నాడు. "ఇచ్చినామెనే ఇడిసిపెట్టలేకపోతున్నదంటె ఎంత గట్టి మిషినో సమజ్ చేసుకోండ్రి. ఆగుండ్రి, నీళ్లు పోసి తిప్పి సూపిస్త, అప్పుడు పాట ఇంక పెరుగుతది." ఇద్దరు మనుషులు బకెట్లతో నీళ్లు తెచ్చి కుమ్మరించారు. అడుగు నుంచి సన్నగా కారడం మొదలైంది, నాకు కనబడుతోంది, ఇంకెవరికీ కనబడదు, కింద ఎలాగూ నీళ్లే కదా. అహరోను మెషీను వైరు విప్పుకుంటూ, ప్లగ్గు పెట్టడానికి మైకు పెట్టె దగ్గరికి పోతున్నాడు. "సౌభాగ్యమ్మా, రా, నువ్వే మూత తీసి సూడు" అన్నాడు. ఆమె నన్ను దాటుకుని నడిచింది. చెప్పులన్నీ గుమ్మం బయట వరసగా ఉన్నాయి, అందరివీ, మావీ, గుడిలోకి ఎవరం చెప్పులతో రాము. ఆమె మడమలు పగుళ్లు, ఆ మడమలు తడిలోకి అడుగుపెట్టాయి. మా ఆయన లేచి నిలబడ్డాడు, నోరు తెరిచాడు, ఏమీ రాలేదు, మళ్లీ తెరిచాడు. నేను ఆయన కోసం ఆగలేదు. ఎలా పోయానో తెలియదు, బుట్టలు తన్నుకుంటూ పోయాను, సౌభాగ్యమ్మను భుజంతో తోసేసి రెండు చేతులూ మూత మీద పెట్టాను. నీళ్లు చల్లగా అరికాళ్లకు తగిలాయి. భయం వేసింది, చాలా భయం వేసింది, నాలుక మీద మళ్లీ ఆ ఇనుము రుచి. తిరిగి ఆయన్నే చూస్తూ అన్నాను.

"ఇప్పుడు పెట్టమనుండ్రి ప్లగ్గు."

మా ఆయన మగవాళ్ల మధ్య నుంచి ఎలా వచ్చాడో, అహరోను చేతిలోంచి వైరు లాక్కున్నాడు. అహరోను తూలి బల్లను పట్టుకున్నాడు. మైకు కీచుమని ఆగిపోయింది. కోళ్లు మాత్రం అరుస్తూనే ఉన్నాయి.

"ఖరాబున్నది" అన్నాడు మా ఆయన. వైరును గుండెకు అదుముకున్నాడు. "కరెంటు కొడ్తది. నాకెరుకుండి తెచ్చిన అయ్యగారూ. మొక్కినగద, ముఖం చెల్లక తెచ్చిన. ఇంటికి తీస్కపోత. వాషరు చేపిస్త, ఎన్ని దినాలైనా సరే బాగుచేసి, తెచ్చి సౌభాగ్యమ్మకే ఇస్త. కొత్తది మాకొద్దు."

కొత్తది మాకొద్దు. ఆ మాట వినగానే నాకు ముందుగా కలిగింది ఏమిటంటే, ఎవరికీ చెప్పుకోలేను, ఆ నున్నటి మూత మీద దిగులు. ఆ తర్వాతే ఊపిరి ఆడింది. ఆ తర్వాత కొంచెం గర్వం కూడా, ఎందుకు దాచాలి, ఇంతమందిలో లేచి వచ్చింది నేనొక్కదాన్నే, ఆయన చేత నిజం చెప్పించింది నేనే. మూత మీద నుంచి చేతులు తీశాను. అయ్యగారు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో అంటున్నారు. ఆడవాళ్లు నావంక జాలిగా చూస్తున్నారు, ఆ జాలి నాకు హాయిగా ఉంది. సౌభాగ్యమ్మ నేను తోసేసిన చోటే, చెరుకు ఆకుల మధ్య చెయ్యి ఆనించి లేస్తోంది. చీరకు అంటిన తడి దులుపుకోలేదు. మా ఆయన వైపు చూడనే లేదు. నా దగ్గరికి వచ్చింది.

"మీకు ఎరుకేనా టీచరమ్మా?"

"ఎరుకే" అన్నాను.

"ఎప్పటిసంది?"

"వానకాలం సంది."

ఆమె కొంగు ముడిని మళ్లీ బిగించుకుంది. కోపం లేదు ఆ ముఖంలో, ఉంటే బాగుండేది.

"నా ఎదురుంగనే ఇంతసేపు పాట పాడితిరి" అంది. "ఒక్క మాట చెప్పకపోతిరి."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకుని వైరు చుట్టుకుంటున్నాడు. ఇంతసేపూ ఆ మెడకే లే, లేచి చెప్పు అని చెబుతూ కూర్చున్నానని ఆమెకు చెప్పబోయాను. అప్పటికే సౌభాగ్యమ్మ వెళ్లి తనవాళ్ల మధ్య కూర్చుంది.